స్ప్లెండర్: ఓవర్‌ఫ్లో పైపు మూసేశాక ఇంజిన్ ఆయిల్లో పెట్రోల్ వాసన

వైరా కుర్రోడు

అందరికీ నమస్కారం. మా నాన్న బండి 2005 మోడల్ స్ప్లెండర్ ప్లస్. ఎండాకాలం అంతా పెద్దగా తీయలేదు, కొట్టంలోనే పడి ఉంది. వానలు పడి పొలం పనులు మొదలయ్యాక తీస్తే స్టార్ట్ అయింది, నడిచింది. కానీ రాత్రి స్టాండ్ వేసి పెడితే తెల్లారేసరికి నేల మీద పెట్రోల్ మరక. కార్బురేటర్ నుంచి కిందికి వేలాడే సన్న పైపులోంచి చుక్కలు పడుతున్నాయి.

ఊళ్లో ఒక షెడ్డుకి తీసుకెళ్తే కార్బురేటర్ కిట్ మార్చాడు. కొద్దిరోజులు ఆగి మళ్లీ మొదలైంది. మళ్లీ తీసుకెళ్తే "పాత బండి కదా, ఇంతే" అని ఆ పైపు చివర చిన్న బోల్టు దూర్చి క్లిప్ బిగించి పంపాడు. చుక్కలు ఆగిపోయాయి. నాన్న హ్యాపీ.

నాకు మాత్రం టెన్షన్ అప్పటి నుంచే. పొద్దున్నే కిక్కర్ బరువుగా వస్తోంది, ఒక్కోసారి మధ్యలో ఆగిపోతోంది. స్టార్ట్ అయితే సైలెన్సర్ లోంచి నల్ల పొగ. నిన్న ఆయిల్ గేజ్ తీసి చూస్తే పై గీత దాటి ఉంది. మేము ఆయిల్ పోయనే లేదు. వాసన చూస్తే పెట్రోల్.

కార్బురేటర్ మొత్తం మార్చాలా? ఇప్పుడు వచ్చే ఇథనాల్ పెట్రోల్ వల్లనా? ఇలాగే ఖమ్మం దాకా నడుపుకుంటూ వెళ్లి పెద్ద మెకానిక్‌కి చూపించొచ్చా?

స్పీడ్ సాయి

బ్రో, పాతది పీకేసి కొత్త కార్బురేటర్ పెట్టేయ్. ఆన్‌లైన్లో చవకగానే దొరుకుతున్నాయి. రిపేర్లు చేయించుకుంటూ కూర్చుంటే అంతకంత అవుతుంది.

పాత షెడ్డు

అబ్బాయ్, ముందు ఆ బోల్టు పీకెయ్. ఇది చదవడం అయ్యాక కాదు, ఇప్పుడే. పెట్రోల్ ట్యాప్ ఆఫ్‌లో పెట్టు. బండి స్టార్ట్ చేయకు. ఖమ్మం మాట మర్చిపో, ఆటో ట్రాలీలో వేసుకుని వెళ్లినా సరే, ఆ ఆయిల్‌తో మాత్రం నడపకు.

నేను 1980ల చివర్లో తెనాలిలో షెడ్డులో చేరాను. అప్పుడు సీడీ 100లు కొత్త. ఆ తర్వాత స్ప్లెండర్లు వచ్చి ఊరంతా అవే అయ్యాయి. ఓవర్‌ఫ్లో పైపు మూసేసి వచ్చిన బండ్లు అప్పుడూ చూశాను. ఇప్పుడు షెడ్డు లేదు గానీ ఆ పని చేసేవాళ్లు ఇంకా ఉన్నారని నీ పోస్టు చూస్తే తెలుస్తోంది.

ఎందుకు మూయకూడదో చెబుతాను. కార్బురేటర్ కింద కప్పులో పెట్రోల్ నిలవ ఉంటుంది. పెట్రోల్ పెరిగేకొద్దీ దాని మీద తేలే ఫ్లోట్ పైకి లేచి, నీడిల్ అనే మొనదేలిన చిన్న ముక్కని పెట్రోల్ వచ్చే రంధ్రం అంచుకి, అంటే సీటుకి, నొక్కుతుంది, దారి మూసుకుంటుంది. డాబా మీద నీళ్ల ట్యాంకులో బంతి చేసే పని అదే. ఆ నీడిల్ సరిగ్గా మూయకపోతే కప్పు నిండుతుంది. నిండినది బయటికి పోవడానికి కప్పు మధ్యలో ఒక ఇత్తడి గొట్టం నిలబడి ఉంటుంది. దాని కింది చివరే నీకు కనిపించే పైపు. అంటే ఆ చుక్కలు రోగం కాదు, రోగం ఉందని బండి చెప్పడం. మీ షెడ్డువాడు దాని నోరు మూశాడు.

అక్కడ దారి లేకపోతే పెట్రోల్ జెట్ల (పెట్రోల్‌ని కొలతగా వదిలే సన్న రంధ్రాల) గుండా పైకి ఎక్కి కార్బురేటర్ గొంతులోకి వస్తుంది. స్ప్లెండర్లో సిలిండర్ దాదాపు పడుకుని ఉంటుంది, కార్బురేటర్ దానికి పైన కూర్చుంటుంది, మధ్యలో రెంటినీ కలిపే గొట్టం, మానిఫోల్డ్, కిందికి దిగుతుంది. ఇక పెట్రోల్‌కి పల్లమే. వాల్వ్ తెరిచి ఉన్న చోట ఇంజిన్ ఆగి ఉంటే నేరుగా సిలిండర్లోకి పోతుంది, అక్కడి నుంచి పిస్టన్ రింగుల సందుల్లోంచి జారి ఆయిల్లో కలుస్తుంది. నీ కిక్కర్ మధ్యలో ఆగిపోవడం అందుకే. గాలిని నొక్కగలం గానీ పెట్రోల్‌ని నొక్కలేం. అలాంటప్పుడు కోపంకొద్దీ ఎక్కి తొక్కితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. పెట్రోల్ కలిసిన ఆయిల్ పలచబడి పైన వాల్వులని తెరిచే క్యామ్‌కి, రాకర్లకి పట్టు ఇవ్వదు. వాటి ఖర్చు ముందు కార్బురేటర్ ఖర్చు ఒక లెక్క కాదు.

ఇప్పుడు చేయాల్సింది. తాళం ఆఫ్ చేసి ప్లగ్ విప్పు. ప్లగ్ క్యాప్ దూరంగా పెట్టు. కిక్కర్‌ని చేత్తోనే మెల్లగా నొక్కు. ప్లగ్ రంధ్రంలోంచి పెట్రోల్ చిమ్మొచ్చు, మొహం అటు పెట్టకు. ఇదంతా ఆరుబయట చేయి, దగ్గర్లో పొయ్యి గానీ దీపం గానీ బీడీ గానీ ఉండకూడదు. తర్వాత ఆయిల్ మొత్తం దించెయ్. ఆయిల్లో పెట్రోల్ ఉందో లేదో చూడటానికి కొందరు చుక్క కాగితం మీద వేసి అగ్గిపుల్ల గీస్తారు. ఆ తెలివి మనకొద్దు, నీ ముక్కు ఇప్పటికే చెప్పింది. కొత్త ఆయిల్ ఇప్పుడే పోయకు, లీకు తేలాక పోద్దువు గాని.

కార్బురేటర్ మార్చమన్న తమ్ముడికి ఒక మాట. నీ మాట తప్పని అనను. కానీ చవక కార్బురేటర్లలో జెట్లు ఎవరు ఏ కొలతతో వేశారో తెలియదు, ఈ బండికి మైలేజీయే ప్రాణం. పైగా ట్యాంకులోంచి చెత్త వస్తుంటే కొత్తదీ వారం తిరక్కుండా కారుతుంది. రోగం ఒకటి, మందు ఒకటి అవుతుంది.

ఆర్ఎక్స్ ప్రేమికుడు

నమస్తే బాబాయ్ గారు. నాది హైదరాబాద్, ఆర్ఎక్స్ 100 ఉంది. నాకూ కిట్ మార్చినా కారడం ఆగలేదు. చివరికి కప్పులో ఉండే ఆ ఇత్తడి గొట్టానికి వెంట్రుకవాసి పగులు ఉందని తేలింది. కప్పు విప్పి, గొట్టం పై అంచుకి కొంచెం కిందిదాకా పెట్రోల్ పోసి, పాత పేపర్ మీద పెడితే చాలు. కాసేపటికి కింద పేపర్ తడిసింది. ఇక్కడా కిట్ మార్చినా ఆగలేదు అంటున్నాడు కాబట్టి అదే అయి ఉంటుంది అనిపిస్తోంది. పగులుంటే ఫ్లోట్, నీడిల్ ఎంత బాగున్నా లాభం లేదు కదా.

పాత షెడ్డు

పేపర్ మీద పెట్టి చూడటం మంచి పరీక్షే, అబ్బాయి అదీ చేయాలి. కానీ ఈ బండిలో అసలు రోగం అది కాదు. ఎలా చెబుతున్నానంటే, గొట్టం ఒక్కటే పగిలి నీడిల్ బాగుందనుకో. పైపు చివర బోల్టు పెట్టగానే కారడం ఆగుతుంది, కప్పు తన లెవెల్ దాకా నిండుతుంది, నీడిల్ మూసుకుంటుంది, కథ అక్కడితో అయిపోతుంది. ఆయిల్లోకి చుక్క కూడా పోదు. ఇక్కడ బోల్టు పెట్టాకే పెట్రోల్ ఇంజిన్లోకి వెళ్లింది. అంటే నీడిల్ ఆపడం లేదు. గొట్టం కూడా పగిలి ఉంటే ఉండొచ్చు, అది రెండోది. షెడ్డువాడు తెలియక చేసిన పని మనకి ఒక పరీక్షగా పనికొచ్చింది.

వైరా అబ్బాయ్, నీడిల్ ఆపకపోవడానికి కూడా కారణాలు వేరు వేరుగా ఉంటాయి. విప్పే ముందే ఒకటి చూసుకో. కప్పు కింద డ్రెయిన్ స్క్రూ ఉంటుంది. బోల్టు పీకిన పైపు తీసేసి అక్కడ పారదర్శకంగా ఉండే పైపు ముక్క తొడుగు. మెడికల్ షాపులో సెలైన్ పైపు అడుగు, సరిపోతుంది. పైపు రెండో చివర పైకి ఎత్తి కార్బురేటర్ పక్కనే నిలబెట్టి పట్టుకో. డ్రెయిన్ స్క్రూ కొంచెం వదులు చేసి పెట్రోల్ ట్యాప్ ఆన్ చెయ్. కప్పులో పెట్రోల్ ఎంత ఎత్తులో ఉందో పైపులో అంతే ఎత్తు కనిపిస్తుంది. కప్పూ బాడీ కలిసే గీత ఉంది చూడు, పెట్రోల్ దానికి కింద ఆగాలి.

గీత దాటి కొంచెం పైకి వచ్చి అక్కడ కదలకుండా నిలబడితే ఫ్లోట్ ఎత్తు తేడా. ఆగకుండా మెల్లగా పైకి ఎక్కుతూనే ఉంటే నీడిల్ దగ్గర లీకు, లేదంటే ఫ్లోట్‌లోకే పెట్రోల్ దూరి అది మునిగిపోతోంది. గీత దాటగానే ట్యాప్ కట్టేయ్, లేకపోతే మళ్లీ ఇంజిన్లోకి పోతుంది. బండి సెంటర్ స్టాండ్ మీద ఉండాలి. సైడ్ స్టాండ్ మీద ఒరిగి ఉంటే లెవెల్ మోసం చేస్తుంది.

ఇథనాల్ గురించి అడిగావు. ఇప్పుడు పంపుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసినదే. అది నీటిని లాక్కుంటుంది, పాత రకం రబ్బరుని ఉబ్బిస్తుంది. నెలల తరబడి ఆగి ఉన్న ట్యాంకులో తుప్పు పట్టడానికి ఆ నీరు తోడవుతుంది. అంతవరకు నిజం. కానీ ఈమధ్య షెడ్డుల్లో పని తెలియని ప్రతివాడికీ ఇథనాల్ ఒక సాకు అయిపోయింది. ముందు విప్పి చూద్దాం.

వైరా కుర్రోడు

బాబాయ్ గారు, బోల్టు అప్పుడే పీకేశాను. మీరు చెప్పినట్టే ప్లగ్ విప్పి కిక్కర్ నొక్కితే పెట్రోల్ చిమ్మింది! ఆయిల్ దించాను. నల్లగా, నీళ్లలా పల్చగా వచ్చింది.

సెలైన్ పైపు పెట్టి చూశాను. పెట్రోల్ గీత దగ్గరికి వచ్చి కాస్త నెమ్మదించింది గానీ ఆగలేదు. గీత దాటి ఎక్కుతూనే ఉంది. డ్రెయిన్ స్క్రూ పట్టుకునే స్టార్ స్క్రూడ్రైవర్ పిడితో కప్పు మీద మెల్లగా తడితే ఒకసారి ఆగింది, తర్వాత మళ్లీ మొదలు.

కార్బురేటర్ దించి కప్పు విప్పాను. కప్పు అడుగున గోధుమ రంగు పొడి, వేలికి గరుగ్గా తగులుతోంది. పేపర్ పరీక్ష కూడా చేశాను, పేపర్ తడవలేదు. ఫ్లోట్ చెవి దగ్గర ఊపి చూశాను, లోపల ఏమీ గలగలలాడలేదు. నీడిల్ కొత్తదే, షెడ్డులో వేసినదే. దాని నల్ల కొనకి చుట్టూ సన్నటి గీత పడి ఉంది. కొత్తదానికి అప్పుడే గీత పడుతుందా?

పాత షెడ్డు

శభాష్. తడితే ఆగిందన్న మాట చాలు, సగం పని అయిపోయింది. ఫ్లోట్ ఎత్తే కారణమైతే తట్టినా ఏమీ మారదు. నీడిల్‌కీ సీటుకీ మధ్య ఏదో అడ్డం ఉంది, తట్టినప్పుడు పక్కకి జరిగింది, మళ్లీ ఇంకోటి వచ్చి కూర్చుంది. అదే ఆ గోధుమ పొడి. ట్యాంకులో తుప్పు.

కొనకి గీత పడిందంటే కొత్త నీడిల్ మురికి సీటు మీద కూర్చుందన్నమాట. కిట్ మార్చినవాడు పాత నీడిల్ తీశాడు, కొత్తది వేశాడు, మధ్యలో సీటు వైపు చూడలేదు. నూటికి తొంభై చోట్ల జరిగేది ఇదే. కిట్ ప్యాకెట్లో సీటు రాదు కదా, అందుకని దాని ఊసే ఎత్తరు. మికుని కంపెనీ వీఎం రకం కార్బురేటర్లలో సీటు మర తిప్పి విప్పి నీడిల్‌తో పాటు మార్చొచ్చు. చాలా కార్బురేటర్లలో అది బాడీలోకి బిగించేసి ఉంటుంది, అక్కడే శుభ్రం చేయాలి. నీది ఊడి రాకపోతే లాగకు.

ఫ్లోట్ పట్టుకుని ఉన్న సన్న పిన్ను జాగ్రత్త. ఒక వైపు నుంచే వస్తుంది. రాకపోతే సుత్తి తీయకు. దాన్ని మోస్తున్న రెండు చెవులు పోత పోసినవి, ఒకటి విరిగిందంటే బాడీ పోయినట్టే.

నీడిల్ తీశాక మొబైల్ టార్చ్ వేసి సీటులోకి చూడు. లోపల ఇత్తడి అంచు చుట్టూ ఒకే వెడల్పులో మెరిసే సన్న వలయం కనిపించాలి. ఎక్కడైనా ఆ మెరుపు తెగి నల్లగా గానీ గోధుమగా గానీ ఉంటే పెట్రోల్ దూరేది అక్కడే. ఇయర్ బడ్ తీసుకుని కొన దగ్గర దూది కొంచెం గట్టిగా నులుము. దేవుడి గదిలో ఇత్తడి సామాను తోమే పాలిష్ ఉంటుంది కదా, అది బియ్యపు గింజంత అంటించి సీటులో పెట్టి రెండు వేళ్ల మధ్య తిప్పు. నొక్కకు, తిప్పు. దూది నల్లబడుతుంది. కొత్తది తీసుకుని మళ్లీ తిప్పు. దూది కాస్త మాసినట్టు వచ్చేదాకా. ఉప్పు కాగితం గానీ బ్లేడు గానీ దగ్గరికి రానివ్వకు. ఇత్తడికి ఒక్క గీత పడితే ఇక ఎన్ని కిట్లు వేసినా ఆగదు. తర్వాత పెట్రోల్‌తో కడిగి, పెట్రోల్ వచ్చే గొట్టం వైపు నుంచి గాలి కొట్టు. ఒక్క రేణువు పాలిష్ మిగిలినా అదే మళ్లీ అడ్డం.

గీత పడిన నీడిల్ వాడకు. ఈసారి కంపెనీ పార్ట్స్ అమ్మే షాపులో కొను. దాని వెనక స్ప్రింగ్ మీద ఉండే చిన్న పిన్ను వేలితో నొక్కితే లోపలికి పోయి వెంటనే బయటికి రావాలి.

బిగించే ముందు పరీక్ష. కార్బురేటర్ తలకిందులుగా పట్టుకుంటే ఫ్లోట్ బరువుకి నీడిల్ మూసుకుంటుంది. పెట్రోల్ వచ్చే గొట్టానికి పైపు ముక్క తొడిగి, సూది తీసేసిన సిరంజితో మెల్లగా గాలి పంపు. సిరంజి ముడుచుకోకుండా బిగిసి నిలబడాలి. నిటారుగా తిప్పితే ఫ్లోట్ కిందికి జారి గాలి పోవాలి. సైకిల్ పంపు మాత్రం వద్దు, ఆ ప్రెషర్‌కి మంచి నీడిల్ కూడా లొంగిపోతుంది, ఊరికే కంగారు పడతావు.

ఫ్లోట్ మీది రేకు నాలుకని షెడ్డువాడు వంచాడేమో అని అనుమానంతో నువ్వూ వంచకు. లీకు ఆగాక సెలైన్ పైపు మళ్లీ పెట్టు. గీత కింద నిలబడితే దాన్ని ముట్టుకునే పనే లేదు.

ఇంత చేసి ట్యాంకు వదిలేస్తే మళ్లీ నెల తిరక్కుండా ఇక్కడికే వస్తావు. ట్యాంకు దించి పెట్రోల్ ట్యాప్ విప్పు. పైన జల్లెడ ఉంటుంది. చిరిగిందా చూడు.

స్పీడ్ సాయి

ఒక డౌట్. పాత బుల్లెట్లకి కార్బురేటర్ మీద చిన్న బటన్ ఉంటుంది, పెట్రోల్ కారేదాకా నొక్కి కిక్ కొడతారు. మరి దానికి ఏం కాదా?

పాత షెడ్డు

అది టిక్లర్. పాత ఆమల్ కార్బురేటర్లకి ఉండేది. ఫ్లోట్‌ని వేలితో కిందికి నొక్కి కావాలనే కప్పు నింపడం, చల్లటి ఇంజిన్‌కి చోక్ బదులు. వేలు తీయగానే నీడిల్ మూసుకుంటుంది, అదీ తేడా. రాత్రంతా నొక్కి పెట్టి పడుకుంటే బుల్లెట్ కూడా ఇదే పాట పాడుతుంది.

వైరా కుర్రోడు

బాబాయ్ గారు, ఆగింది! సీటులో ఒక పక్క గోధుమ రంగు మచ్చ ఉంది, అచ్చం మీరు చెప్పినట్టే. ఇయర్ బడ్లు చాలా నల్లబడ్డాయి, అమ్మ పాలిష్ డబ్బా గురించి తిట్టింది. కొత్త నీడిల్ ఖమ్మం నుంచి తెప్పించాను. సెలైన్ పైపులో పెట్రోల్ గీతకి కింద ఆగి అక్కడే ఉంది. రాత్రి ట్యాప్ ఆన్‌లోనే పెట్టి కింద అట్టముక్క వేసి చూశాను. పొద్దున్న పొడిగానే ఉంది.

ట్యాప్ జల్లెడకి ఒక పక్క చిరుగు ఉంది, మార్చాను. ట్యాంకులో టార్చ్ వేస్తే అడుగున ఒక మూల ఎర్రగా ఉంది. సగం ట్యాంకే పోసి పెట్టేవాళ్లం, పై గోడలకీ కొంచెం ఉంది. దాన్ని ఏం చేయమంటారు? మధ్యలో ఫిల్టర్ వేస్తే సరిపోదా? ఇంకా స్టార్ట్ చేస్తే మొదట్లో కొంచెం తెల్ల పొగ వచ్చి ఆగిపోయింది. తీసిన పాత ఆయిల్ బకెట్‌లో ఉంది, నాన్న నాగలి కర్రుకి పూస్తానంటున్నారు.

పాత షెడ్డు

పొగ గురించి భయపడకు. సైలెన్సర్లో చేరిన పెట్రోల్, ఆయిల్ కాలిపోతున్నాయి. ఆగిపోయింది అంటున్నావు కాబట్టి రింగుల అనుమానం ఇప్పుడే వద్దు. ఆయిల్ 10డబ్ల్యూ-30 గ్రేడుదే పోశావు కదా? అది తక్కువ రోజులే వాడి మార్చెయ్, లోపల మిగిలిన పెట్రోల్ కూడా దాంతో బయటికి వస్తుంది. గేజ్ చూసేటప్పుడు మర తిప్పకుండా ఊరికే ఆనించి చూడాలి, తిప్పి చూస్తే ఎక్కువ ఉన్నట్టు కనిపిస్తుంది.

ట్యాంకుకి తెల్ల వెనిగర్ చాలు. ట్యాప్ తీసి రంధ్రం మూసి, అంచు దాకా నింపి ఒక రాత్రి ఉంచు. పొద్దున్న కొన్ని చిన్న నట్లు వేసి బాగా ఊపు. పోసేసి వంట సోడా కలిపిన నీళ్లతో కడుగు, తర్వాత మంచి నీళ్లతో. అన్ని నట్లూ బయటికి వచ్చాయో లేదో లెక్క చూసుకో. ఎండలో పూర్తిగా ఆరబెట్టి వెంటనే పెట్రోల్ నిండా పోసేయ్. తడిగా వదిలేస్తే సాయంత్రానికే మళ్లీ ఎర్రబడుతుంది. వెనిగర్ రంగు మీద పడనీయకు.

మధ్యలో ఫిల్టర్ వేయొచ్చు గానీ ట్యాంకు శుభ్రం చేశాకే. ఈ బండికి పెట్రోల్ కేవలం పల్లానికి దిగే ఒత్తిడితో వస్తుంది, పంపు లేదు. మందపాటి కాగితం ఫిల్టర్ వేస్తే ట్యాంకు తగ్గినప్పుడు ఎత్తు మీద బండి అందుకోదు. జాలీ ఉన్న చిన్నది చూసి వెయ్యి, పైపు ఎక్కడా వంకర తిరిగి పైకి లేవకుండా.

పాత ఆయిల్ కర్రుకి పూయొద్దని నాన్నగారికి చెప్పు. అందులో పెట్రోల్ ఉంది, ఇంటి దగ్గర ఉంచుకోవడమే ప్రమాదం. కాలువలో పోయకు. మూత ఉన్న డబ్బాలో పోసి, పాత ఆయిల్ కొనేవాళ్లు వచ్చే షెడ్డులో ఇచ్చెయ్, పెట్రోల్ కలిసిందని కూడా చెప్పు.

నల్ల పొగ ఇంకా కొంచెం ఉన్నా, కార్బురేటర్ మీద గాలి-పెట్రోల్ పాళ్లు సరిచేసే ఎయిర్ స్క్రూ తిప్పకు. ముందు ప్లగ్ శుభ్రం చేసి వెయ్యి, చోక్ పూర్తిగా తీసి ఉందో లేదో చూడు, పొలానికీ ఊరికీ మామూలుగా తిరుగు. ఆ తర్వాత ప్లగ్ విప్పి కొన ఫొటో పెట్టు, రంగు చూసి స్క్రూ సంగతి చెబుతాను.